కందగడ్డను కోసి చూడుడు

శివరాత్రి సమీపించగనే ఉప్పల్, నాచారం వీధులలో కందగడ్డల బండ్లు బారులు తీరును. ఉపవాసము ముగిసిన మరునాడు వాని నడుగువారే యుండరు. చిలగడదుంప యన్నను, గెనుసుగడ్డ యన్నను నిదియే.

నాచారమునకు చేరువను, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. అది 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు వచ్చినది. ఏ-విటమిను లోపముచే పిల్లలకు రేచీకటి కలుగును. ముదిరినచో చూపే పోవును. ఆ సంస్థవారి పరిశోధనల ననుసరించియే 1970లో పిల్లలకు ఏ-విటమిను మందు పోయు పథకము దేశమున నారంభమైనది.

మందు మంచిదే. కందగడ్డయు నీ విషయమున తోడ్పడగలదు, కాని గడ్డ లన్నియు నొక్కటి కావు. తోలు ఎఱ్ఱగా నున్నదని మోసపోరాదు. లోపల తెల్లనిదానిలో ఏ-విటమినునకు మూలమగు కెరోటిను లేనట్లే. నారింజవన్నె దానిలో మెండు. తిరువనంతపురపు దుంపపంటల పరిశోధన సంస్థవారి ‘భూ సోన’ యట్టి రకమే. ఇట్టి గడ్డను ఆఫ్రికా పల్లెలలో వ్యాపింపజేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2016 నాటి ప్రపంచ ఆహార బహుమానమున భాగము లభించినది. అమ్ముకొను సభ్యులు ఒక గడ్డను కోసి బండిపై నుంచినచో కొనువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వంట. మన్ను కడిగి, తొక్కతోనే, కొద్ది నీట మూతపెట్టి యుడికింపుడు. ముక్కలు చేసి నిండునీట నుడికించి యా నీరు పారబోయుట మన యిండ్ల దురలవాటు. కెరోటిను కొవ్వు తోడు లేనిదే ఒంటబట్టదు. కావున పిల్లవాని ముక్కపై చెంచాడు నేయి వేయుడు, లేదా పల్లీలపొడి చల్లుడు. చింతపండు, బెల్లముతో పులుసు మాకు మిక్కిలి యిష్టము! చక్కెరవ్యాధి కలవారికి కాల్చినదానికన్న ఉడికించినది మేలు, అదియు మితముగా.

ముక్కుపురుగు తొలిచిన గడ్డ చేదు ఉడికించినను పోదు. బూజుపట్టినదానిని పశువులకును వేయరాదు; దాని విషము ఊపిరితిత్తులను చెఱచి ప్రాణము తీయును.