అమ్మ పట్టుచీర... ఎంతకిస్తారు?

'పాత పట్టుచీరలు కొంటాం!'

వీధిలో ఆ కేక వినపడగానే చాలా ఇళ్లలో బీరువా అడుగున ఉన్న మూట గుర్తొస్తుంది. అమ్మ పెళ్లినాటి ధర్మవరం చీర... కట్టుకుందామంటే మడతల దగ్గర చిట్లుతోంది, ఇచ్చేద్దామంటే మనసొప్పదు. పిల్లల ఫీజులు నెత్తిమీదికొచ్చిన రోజున మాత్రం మూట విప్పక తప్పదు. వచ్చినతను అంచును వేళ్లతో నలిపి, చేత్తో బరువు చూసి ఒక అంకె చెబుతాడు. అది న్యాయమైన ధరేనా? ఎలా తెలుస్తుంది?

వాడిన చీరలో పట్టుకు పెద్దగా విలువ రాదు. ధర పలికేది సరిగకే. అసలైన సరిగ అంటే పట్టుదారానికి సన్నటి వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసినది. ఇది ఎక్కువగా సూరత్ నుంచి వస్తుంది. రాగి తీగకు వెండి పూత పూసినదీ ఉంది, ప్లాస్టిక్ పొర తళుకూ ఉంది. బీరువాలో మూడూ ఒకేలా మెరుస్తాయి! గీటురాయి మీద రుద్దితే గుట్టు బయటపడుతుంది. ఎర్రటి గీత పడితే లోపల రాగి అన్నమాట.

ఇక లెక్క. అంచూ కొంగూ కలిపి సరిగ 150 గ్రాములు తూగిందనుకుందాం. అందులో వెండి 40 శాతం ఉంటే 60 గ్రాములు. గ్రాము వంద రూపాయలున్న రోజున 6,000. కరిగించే ఖర్చు, తరుగు, కొనేవాడి లాభం పోగా మిగిలింది ఇంటావిడకు. 2025లో వెండి ధర బాగా ఎగబాకింది కాబట్టి, అంతకుముందు పక్కింటివాళ్లకు ఎంతొచ్చిందన్నది ఇప్పుడు కొలత కాదు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో రైతు సరుకుకి వేలంపాట ఉంటుంది. ఒకరు తగ్గించినా పక్కవాడు పెంచుతాడు. గుమ్మంలో చీరకి మాత్రం కొనేవాడు ఒక్కడే, పైగా అవసరం అమ్మేవాళ్లది. అందుకే ఆ అంకె అంత తేలిగ్గా కిందికి దిగుతుంది. పెనుకొండ వాళ్లకైతే రైలెక్కితే ఒకవైపు ధర్మవరం, మరోవైపు హిందూపురం. చీరను సంచిలో పెట్టుకుని ముగ్గురు నలుగుర్ని అడిగి రావడానికి ఒక రోజు చాలు. (చీర ఎవరిదో ఆ అమ్మకు ముందే చెప్పడం ఇంకా మంచిది!)

చీర చిట్లకుండా ఉంటే వెండి లెక్క ఒక్కటే సరిపోదు. లేపాక్షి గుడి చిత్రాల్లోని నమూనాలు ధర్మవరం అంచుల్లో కనిపిస్తాయి. అలాంటి పాత అంచును కొత్త గుడ్డకు కుట్టి మనవరాలికి పరికిణీ చేయించేవాళ్లున్నారు. వాళ్లిచ్చేది నేతపనికి, తూకానికి కాదు. కాబట్టి ముందు కట్టుకునేవాళ్లను అడగాలి, తర్వాత కుట్టించుకునేవాళ్లను, చివరికి కరిగించేవాళ్లను. అప్పటిదాకా అంచుకు కత్తెర తగలనివ్వకూడదు. అంచు వేరైన చీరకు మొదటి రెండు ధరలూ పలకవు.