క్రిస్మస్‌కు పిల్లలకు ఏ ఆట కొందాం?

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉంటుంది. ఇంటికి రంగులు, అందరికీ కొత్త బట్టలు, అప్పాలకు పిండి, నూనె, నక్షత్రం దీపం. ఇవన్నీ పోగా మిగిలిన రెండు మూడు వందల రూపాయలతో పిల్లలకు ఏం కొనాలని తల్లులు ఓ.పి. లైనులో కూర్చుని కూడా మాట్లాడుకుంటారు. అది అడగదగిన ప్రశ్నే. బ్యాటరీ కారు నూతన సంవత్సర ఆరాధన నాటికే చక్రం ఊడి మూలన పడుతుంది. నలుగురు కూర్చుని ఆడుకునే ఒక ఆట కొంటే వచ్చే క్రిస్మస్ దాకా ఇంట్లో పనికొస్తుందని నా అభిప్రాయం.

ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లవాడి ఆట అంటే సెల్‌ఫోనే. ఫోను చూపిస్తే గాని అన్నం తినని పిల్లలను పిల్లల వార్డులో రోజూ చూస్తున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ విషయమై సూచనలు ఇచ్చింది. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించవద్దనీ, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దనీ, ఎంత తగ్గిస్తే అంత మంచిదనీ చెప్పింది. అయితే ఫోను లాక్కుని ఊరుకుంటే ఏ పిల్లవాడూ ఊరుకోడు. ఆ చేతిలో ఇంకొకటి పెట్టాలి, పక్కన ఒక మనిషి కూర్చోవాలి. ఈ రెండో మాట చాలామంది మరచిపోతారు. ఆట డబ్బా కొనిచ్చి, "పొండ్రి, ఆడుకోండ్రి" అని పంపితే అది మూడు రోజుల ముచ్చటే.

ఖరీదైన డబ్బాలే కొనాలని లేదు. దుకాణంలో దొరికే లూడో మన పచ్చీసుకు మనవరాలే. పచ్చీసును చూసి ఇంగ్లాండులో 1896లో దానికి పేటెంటు తీసుకున్నారు. పాములు, నిచ్చెనల ఆట కూడా మన దేశం నుండే అటు వెళ్లి, కొత్త అట్టపెట్టెలో మళ్లీ మన దగ్గరికి వచ్చింది. అష్టాచెమ్మకైతే డబ్బాతో పనే లేదు. సుద్దముక్కతో అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గళ్లు గీసి, నాలుగు గవ్వలు తెచ్చుకుంటే చాలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. కాయను చంపాలి, చావకుండా కట్టు గడిలో కూర్చోవాలి, చివరకు నడిమి గడిలో పండించాలి. ఒకటో తరగతి పిల్లకు కూడికలు ఇంత సంతోషంగా ఎవరూ నేర్పలేరు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులి మేక ఇంకా మంచిది. మేకలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడితేనే పులికి దూకే సందు దొరకదు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు దీన్ని చాలా త్వరగా పట్టుకుంటారు.

కొనేటప్పుడు పిల్లవాడి వయసు చూడాలి. మూడు నుండి అయిదేళ్ల వారికి జత బొమ్మలు వెతికే అట్టముక్కలు, పెద్ద పెద్ద ముక్కల బొమ్మల పజిలు చాలు. ఆరేళ్లు దాటితే లూడో, వైకుంఠపాళి, అష్టాచెమ్మ. తరువాత క్యారమ్స్, చదరంగం. బిజినెస్ ఆట పదేళ్లకు ముందు కొనవద్దు, నోట్లు చింపడం తప్ప ఏమీ జరగదు. చదరంగం మనలాంటి వాళ్లకు కాదని అనుకోకండి. కోనేరు హంపి తండ్రి దగ్గర ఆట నేర్చుకుని, 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్ మాస్టరు అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌గా గెలిచింది. మన పక్కన హనుమకొండ కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024లో 2800 రేటింగు దాటాడు. అందరూ అంత ఎత్తుకు వెళ్లకపోవచ్చు. గంటసేపు కదలకుండా కూర్చుని ఆలోచించే అలవాటు వస్తే అదే చాలు.

ఇక నర్సుగా నేను గట్టిగా చెప్పవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే పాచిక, గవ్వ, చింతగింజ, లూడో కాయ అన్నీ ప్రమాదమే. మన పాత ఆటలు కాబట్టి క్షేమమని అనుకోకూడదు. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు. అంతకంటే కాస్త పెద్ద వస్తువు కూడా పసిబిడ్డ గొంతుకు అడ్డం పడగలదు. "సిస్టరమ్మా, నేను గిట్ల వెనక్కి తిరిగిన, గంతల్నే నోట్లె ఏసుకుండు" అని ఏడుస్తూ వచ్చిన తల్లులను నేను చాలామందిని చూశాను. వాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే అంతలోనే జరుగుతుంది.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు రాక, ఏడుపు రాక, ముఖం నీలంగా మారుతుంటే ఆలస్యం చేయవద్దు. ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పట్టుకుని, రెండు రెక్కల నడుమ వీపు మీద అరచేతి మడమతో అయిదు దెబ్బలు, తరువాత వెల్లకిల తిప్పి ఛాతీ మధ్యలో అయిదు నొక్కులు. వస్తువు బయటపడే వరకు ఇలా మార్చి మార్చి చేయాలి. ఏడాది దాటిన పిల్లవాణ్ణి ముందుకు వంచి వీపు మీద అయిదు దెబ్బలు వేసి, వెనుక నుండి పట్టుకుని బొడ్డుకు కొంచెం పైన పిడికిలితో లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కాలి. ఇంకొకరు 108కు ఫోను చేయాలి. వస్తువు కంటికి కనబడకుండా నోట్లో వేలు పెట్టి కెలకవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. ముక్కులోకో చెవిలోకో చింతగింజ పోతే నూనె, నీళ్లు పోయవద్దు. గింజ ఉబ్బి బిగుసుకుంటుంది.

ఇంకొకటి, లైట్లు వెలిగే పాచికల్లో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. చొంగ కారడం, అన్నం మింగకపోవడం, దగ్గు కనిపించవచ్చు, ఏమీ కనిపించకపోవచ్చు కూడా. వాంతి చేయించకండి. అరటిపండు మింగిస్తే కిందికి పోతుందిలే అని రేపటి దాకా ఆగకండి. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. చిన్న అయస్కాంతాలు రెండు మింగినా ఇలాగే పరుగెత్తాలి, పేగుల గోడలను నడుమ పెట్టుకుని అవి అతుక్కుంటాయి. బ్యాటరీ పెట్టే చోట స్క్రూ బిగించి లేని బొమ్మను దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. జగిత్యాల బజారులో కొన్నా, కోరుట్ల, సిరిసిల్లలో కొన్నా డబ్బా తిప్పి ఆ గుర్తు చూడండి. గుర్తు లేని చవక బొమ్మల రంగులో సీసం ఉండే భయం ఉంది, పిల్లలు కాయలను నోట్లో పెట్టుకోక మానరు.

బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఒడిలో చాట పెట్టుకుని, పక్కనే పిల్లలతో గవ్వలు వేయడం మన దగ్గర మామూలే. తంబాకు పొడి గవ్వలకు అంటి, అక్కడి నుండి పిల్లల నోటికి చేరుతుంది. పని అయిన తరువాత చాట తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఊడ్చిన చోట ఆట పరచండి.

సిరిసిల్లలో సాంచాల మీద ఏళ్ల తరబడి పని చేసిన వారికి ఆ చప్పుడుకు వినికిడి తగ్గుతుంది. ఇంట్లో వాళ్లు గట్టిగా అరవలేక మాట్లాడటమే తగ్గించేస్తారు, ఆయన ఒక మూలన ఒంటరి అవుతాడు. క్యారమ్స్‌కు, దాడి ఆటకు చెవులతో పని లేదు. కొడుకుతో గాని, మనవడితో గాని ఒక మాటా లేకుండా అరగంట నవ్వుతూ ఆడవచ్చు. పక్షవాతం వచ్చి చేయి తిరిగి కదులుతున్న వారికి ఒక్కొక్క గవ్వను వేళ్లతో తీసి గిన్నెలో వేయడం మంచి వ్యాయామం, ఫిజియోథెరపీ వారిని అడిగి మొదలుపెట్టండి. 2003లో అమెరికాలో 75 ఏళ్లు దాటిన 469 మందిని పరిశీలించిన వైద్యులు, బోర్డు ఆటలు ఆడేవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించిందని రాశారు. ఆడితే ఆ జబ్బు రానే రాదని దాని అర్థం కాదు. షుగరు మాత్రలకు బదులు క్యారమ్ బోర్డు పనికిరాదు! మోకాళ్ల నొప్పులు ఉన్న తాతను, అవ్వను నేల మీద కూర్చోబెట్టకండి, బల్ల వేయండి. ఆడేటప్పుడు పక్కన పెట్టుకునే అప్పాల గిన్నె ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు, అది కాస్త దూరంగా ఉండనీయండి.

గల్ఫ్‌లో ఉన్న తండ్రులను ఈ ఆటలో కలుపుకోవచ్చు. ఫోను ఇక్కడ నిజంగా పనికొస్తుంది. శుక్రవారం సెలవు నాడు వీడియో కాల్ పెట్టి, బోర్డు కనబడేలా ఫోనును గోడకు ఆనించండి. బాపు వంతు వచ్చినప్పుడు బిడ్డ గవ్వలు వేస్తే, ఏ కాయ జరపాలో ఆయన చెబుతాడు. "తిన్నవా, మంచిగున్నవా" అన్న రెండు మాటల తరువాత ఏం మాట్లాడాలో తెలియని పిల్లలు ఆట మీద గంట మాట్లాడతారు. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చే తండ్రిని చిన్నపిల్లలు కొత్త మనిషిలా చూడకుండా ఉండటానికి ఇది కొంత సాయం చేస్తుంది.

విశ్వాసులు పాచికలు ఆడవచ్చా అని కొందరు సంఘ పెద్దలు అడుగుతారు. సిలువ దగ్గర సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేసిన మాట నిజమే. మత్తీయను ఎన్నుకోవడానికి అపొస్తలులు కూడా చీట్లు వేశారని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ఉంది. తప్పు గవ్వలో లేదు, పందెంలో ఉంది. కాబట్టి ఇంట్లో ఒక కట్టడి పెట్టుకోండి: రూపాయి కూడా, తమాషాకు కూడా పెట్టకూడదు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను మన రాష్ట్రం 2017లో, దేశమంతటికీ కేంద్ర ప్రభుత్వం 2025లో నిషేధించాయి. ఆ అప్పులతో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మీకూ తెలుసు. వైకుంఠపాళి పటం మీది బొమ్మలు మనవి కావని సందేహించే వారు ఆ ఆటను మానుకోనక్కరలేదు, పొరుగువారిని నొప్పించే మాటలు అసలే వద్దు. ఒక డ్రాయింగ్ షీటు తెచ్చి నూరు గళ్లు గీయండి. యాకోబు కలలో చూసిన నిచ్చెన ఒకటి, ఏదెను తోటలోని పాము ఒకటి వేసి, మిగతావి పిల్లలనే వేయనివ్వండి. అబద్ధం ఆడితే ఏ గడికి దిగాలి, అవ్వకు మందులు తెచ్చిస్తే ఎంత ఎక్కాలి అని వాళ్లే తీర్పు చెబుతారు. వినండి, సరదాగా ఉంటుంది.

ఓడిపోయినప్పుడు ఏడ్చే పిల్లవాణ్ణి గెలిపించడానికి ప్రతిసారీ మీరు కావాలని ఓడిపోవద్దు, అది వాడికి తెలిసిపోతుంది. అలాగని ప్రతిసారీ తానే గెలవాలనుకునే తండ్రులు కూడా లేకపోలేదు!

మన పిల్లల వార్డులో ఒక ఆటల పెట్టె ఉంచుదామని అనుకుంటున్నాము. మీ ఇంట్లో వాడని లూడో, చదరంగం, పజిళ్లు ఉంటే కాయలన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసి, సబ్బు నీళ్లతో తుడిచి, ఆరబెట్టి పండుగకు ముందు నర్సింగు ఆఫీసులో ఇవ్వండి. గుడ్డ బొమ్మలు, బ్యాటరీ బొమ్మలు తీసుకోము. మీ పేరు రాయించుకోండి, పెట్టె మీద అంటిస్తాము.