బెలూన్ అక్కడే ఎందుకు ఆగిపోయింది?

సైన్స్ రీల్స్ చూసే ఉంటారు. సీసాలోంచి నురగ పొంగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, వీడియో అయిపోతుంది. అసలు మజా మొదలవ్వాల్సింది అక్కడే! నురగ పొంగించడం మ్యాజిక్ షోలో కూడా చేస్తారు. ‘ఇంకొంచెం వేస్తే ఏమవుతుంది?’ అని పిల్లలు అడిగితేనే అది ప్రయోగం.

ఈసారి సెలవులకి మీ అక్క పిల్లలో, పిన్ని పిల్లలో ఇంటికొస్తే ఈ రెండూ చేయించండి. కిట్లేమీ కొనక్కర్లేదు, వంటింట్లో ఉన్నవి చాలు.

ఎర్రనీళ్ల రహస్యం

కొత్త దంపతులకు గుమ్మంలో దిష్టి తీసే ఎర్రనీళ్లు గుర్తున్నాయా? పసుపు, సున్నం కలిపితే వచ్చే రంగది. తెల్ల చొక్కా మీద కూర మరక పడితే, సబ్బు రాయగానే ఎర్రబడేదీ అందుకే. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ పచ్చబడుతుంది.

తెల్ల కాగితానికి పసుపు ముద్ద పూసి ఆరబెట్టండి. ముక్కలు చేసి బట్టల సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు, పంచదార నీళ్లు, నిమ్మరసం ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేయించండి. అయితే చుక్క వేసే ముందే ‘ఏది ఎర్రబడుతుంది?’ అని అడిగి, వాళ్ల జవాబు రాయించండి. గెస్ తప్పిందంటే ఇంకా మంచిది, ‘ఎందుకు?’ అని వాళ్లే అడుగుతారు.

బెలూన్ పందెం

నాలుగు ఒకే రకం చిన్న సీసాల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున వెనిగర్ పోయండి. నాలుగు బెలూన్లలో పావు, అర, ఒకటి, రెండు టీస్పూన్ల చొప్పున వంటసోడా వేయండి. బెలూన్‌ని సీసా మూతికి తొడిగి పైకెత్తితే సోడా లోపల పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ పుట్టి బెలూన్ ఉబ్బుతుంది.

రెండు స్పూన్ల బెలూన్, ఒక స్పూన్ దానికంటే రెట్టింపు అవుతుందని పిల్లలు పందెం కడతారు. కాదు! రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఎందుకంటే వెనిగర్‌లోని ఆమ్లం అప్పటికే అయిపోయింది. నమ్మకపోతే బెలూన్ తీసి, రెండు స్పూన్ల సీసాలో ఇంకాస్త వెనిగర్ పోయమనండి, మళ్లీ బుస్సుమంటుంది. ఇంటర్‌లో మనం బట్టీ కొట్టిన లిమిటింగ్ రియేజెంట్ ఇదే.

ఇక్కడ మార్చింది సోడా ఒక్కటే, మిగతావన్నీ అలాగే ఉంచాం. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు మేం చేసేదీ అంతే. ఒకేసారి నాలుగు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

ఇవి మాత్రం వద్దు

తాంబూలం సున్నం పిల్లల చేతికివ్వకండి. కంట్లో పడితే చూపే పోవచ్చు. అందుకే సబ్బు నీళ్లు చెప్పింది. సోడా, వెనిగర్ కలిపిన సీసాకి గట్టిగా మూత బిగించకండి, పేలుతుంది. బ్లీచింగ్ పౌడర్, టాయిలెట్ క్లీనర్ అస్సలు కలపొద్దు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన అరవింద్ గుప్తా పారేసే వస్తువులతోనే పిల్లలకు సైన్స్ బొమ్మలు చేసి చూపించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంటే మనకు కొరత సామాన్లది కాదు. పిల్లలు ‘ఎందుకు?’ అన్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ‘పద, చేసి చూద్దాం’ అనే అన్నయ్యదో, అక్కదో!