తెడ్డు పట్టని తొమ్మిదో మనిషి

రోయింగ్ పోటీల్లో ఎనిమిది మంది తలా ఒక తెడ్డు వేసే పొడవాటి పడవను ‘ఎయిట్’ అంటారు. అందులో తెడ్డు పట్టని తొమ్మిదో మనిషిని కాక్స్‌వెయిన్ అనీ, క్లుప్తంగా కాక్స్ అనీ వ్యవహరిస్తారు. తెడ్లు వేసేవారు పడవ సాగే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు కనుక, ఎదుట ఉన్నదాన్ని చూసి దారి నిర్ణయించడం, ఎనిమిది తెడ్లూ ఒకే క్షణంలో నీట మునిగేటట్లు చూడడం కాక్స్ బాధ్యతలవుతాయి. 1829లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల మధ్య, 1852లో అమెరికాలో హార్వర్డ్, యేల్ విద్యార్థుల మధ్య మొదలైన పందేలు ఈ క్రీడకు కళాశాలల్లో స్థిరమైన స్థానం కల్పించాయి.

ఎయిట్‌లో సాధారణంగా కాక్స్ పడవ వెనుక కొసన, జట్టుకు లయ నిర్దేశించే ‘స్ట్రోక్’ అనే ఆటగానికి ఎదురుగా కూర్చుంటాడు. పడవ అడుగున ఉండే చిన్న చుక్కానిని రెండు తాళ్లతో తిప్పుతాడు. చుక్కాని పక్కకు తిరిగిన ప్రతిసారీ నీటి నిరోధం పెరిగి వేగం తగ్గుతుంది కాబట్టి, మలుపును ముందే పసిగట్టి అతి తక్కువ కదలికతో సరిచేయడంలోనే నేర్పు ఉంది. నోటి దగ్గరి మైకులో అతడు చెప్పే మాటలు పడవ పొడవునా అమర్చిన స్పీకర్ల ద్వారా అందరికీ చేరతాయి. ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నాడో, నిమిషానికి ఎన్ని తెడ్లు పడుతున్నాయో, ఎవరి తెడ్డు ఆలస్యమవుతోందో, చివరి బలాన్ని ఎప్పుడు వినియోగించాలో ఆ మాటల్లోనే తెలుస్తుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కాక్స్ కనీసం 55 కిలోలుండాలి. తక్కువైతే ఆ మేరకు అదనపు బరువు పడవలో మోయాలి. 2017 నుంచి పురుషుల జట్టుకు స్త్రీ, స్త్రీల జట్టుకు పురుషుడు కాక్స్‌గా ఉండవచ్చు.

ఇటువంటి బాధ్యత బందరు తీరానికి అపరిచితం కాదు. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరాలు నెలకొల్పిన బందరు, అంటే మచిలీపట్నం వద్ద సముద్రం లోతు తక్కువ కావడంతో, ఓడలు దూరాన లంగరు వేయగా సరుకును చిన్న పడవలు ఒడ్డుకు చేర్చేవి. కోరమాండల్ తీరమంతటా పేరుపొందిన మసూలా పడవను, దాని పేరు ఈ పట్టణం నుంచే వచ్చిందని కొందరు భావించే ఆ పడవను, మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి తయారుచేసేవారు. అలల దెబ్బకు అది పగలకుండా వంగేది. తెడ్లవారు ఒక్క ఊపున పడవను ముందుకు తోస్తే, వెనుక నిలబడి పొడవాటి తెడ్డుతో దిశ నిర్ణయించే తండేలు అలల వరసను గమనిస్తూ, ఏ అల మీద ఒడ్డెక్కాలో ఆజ్ఞ ఇచ్చేవాడు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత పురుషుల ఎయిట్ రజతం గెలిచినప్పుడు, విజేత చైనాకూ మన జట్టుకూ మధ్య తేడా మూడు సెకన్లకు లోపే. అంత స్వల్ప వ్యవధిలో తేలే పోటీలో చుక్కాని ఒక్క తప్పటడుగుకైనా మూల్యం పెద్దది. నాగాయలంకలో కృష్ణా పాయపై కయాకింగ్, కనోయింగ్ వంటి జలక్రీడలకు దివిసీమ యువత ఇప్పటికే అలవాటు పడింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలలు రోయింగ్ వైపు కూడా దృష్టి సారిస్తే, ఎత్తూ కండబలమూ లేవని మైదానం అంచున నిలబెట్టిన విద్యార్థికీ విద్యార్థినికీ అందులో చోటు దొరుకుతుంది. ఒత్తిడిలో స్పష్టంగా ఆలోచించి, ఎనిమిది మంది నమ్మేటట్లు మాట్లాడగలగడం కూడా సాధనతో అలవడే క్రీడా నైపుణ్యమే. దానికి కళాశాలలు కండబలంతో సమానమైన గుర్తింపు ఇవ్వాలి.