గుడియాతం మునిసిపాలిటీ, కౌండిన్య నది

1911లో చిత్తూరు జిల్లా వేరుపడినప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లా కచేరీ చిత్తూరునుండి రాయవేలూరికి వచ్చింది. గుడియాతం ఉత్తర ఆర్కాటులోనే నిలిచింది. కౌండిన్య నదికి మాత్రం ఈ హద్దులు పట్టవు. చిత్తూరు వైపు కొండలలో పుట్టి, మోర్దానా ఆనకట్ట దాటి, గుడియాతం ఊరి నడుమగా పోయి పాలారులో కలుస్తుంది. సంవత్సరంలో పెక్కు నెలలు అందులో ఇసుకే. ఆ ఇసుకను నమ్మి పేదలు గట్టుననే ఇళ్లు కట్టుకొన్నారు. 2021 నవంబరులో ఆనకట్ట పొంగి, వరద ఆ ఇళ్లలోనికే వచ్చింది. ఆ పిమ్మట ఆక్రమణలని ఇళ్లు తొలగించారు. తొలగించుట న్యాయమే కావచ్చు. కట్టేనాడే వారించి ఉంటే మరింత న్యాయంగా ఉండేది.

2008లో కార్పొరేషనైన వేలూరికి 60 వార్డులు, మండల కార్యాలయాలు ఉన్నవి. 36 వార్డుల గుడియాతానికి అంత హంగు లేదు. కుళాయి, వీధి దీపం, మురుగుకాలువ, అన్నిటికీ జనం ముందు తట్టేది వార్డు సభ్యుని తలుపే. ఇంట తెలుగు మాట్లాడే మనవారు అర్జీ అరవంలో వ్రాస్తారు. అందులో చిన్నతనమేమీ లేదు. అయితే కాలువల పూడిక తీయమని వానలకు ముందే వ్రాయాలి. కార్తీకంలో నీళ్లు వచ్చినాక వ్రాస్తే చదివేవారుండరు. వారి ఇంటి ముందరా నీళ్లే ఉంటవి.