తొలిసారి చైనాకు పోవు వర్తకునకు

వర్తకము నిమిత్తము తొలిసారి చైనాకు పోయివచ్చినవారు మాతో ముచ్చటించునపుడు రెండు తీరుల మాటలు చెప్పుదురు. మొదటివి తిరిగివచ్చిన వారములో చెప్పునవి: రైళ్ళ వేగము, మేడల ఎత్తు, అంగళ్ళ విస్తారము. రెండవవి కొన్ని నెలల తరువాత, ఓడలో వచ్చిన సరకు పెట్టెలు విప్పిన పిమ్మట చెప్పునవి. వీనిలో అప్పుడప్పుడు నిట్టూర్పు కూడ వినిపించును. 2020లో నిలిచిపోయిన నేరు విమానములు 2025 అక్టోబరులో కలకత్తా నుండి గ్వాంగ్‌జౌ నగరమునకు మరల మొదలైనవి. మనవారి రాకపోకలు పెరుగు అవకాశము కలదు. కనుక ఆ నిట్టూర్పు ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు తప్పించుకొనవచ్చునో నేటి ప్రసంగమున విచారింతము.

చైనాలో దిగిన వర్తకుడు మొదట తన గడియారమును రెండున్నర గంటలు ముందునకు త్రిప్పవలెను. అంత విశాలమైన దేశమునకంతటికి ఒకే కాలమానము. పిమ్మట జేబులోని నోట్ల కట్టతో పెద్దగా పనిలేదని తెలియును. కూరగాయలమ్ము ముదుసలి సయితము సెల్‌ఫోను ద్వారానే పైకము పుచ్చుకొనును. భోజనశాలలో మంచినీళ్ళడిగినచో వేడినీళ్ళు తెచ్చి యిత్తురు. బీజింగు నుండి షాంఘైకి 1,318 కిలోమీటర్లు. 2011లో తెరచిన మార్గముపై మిక్కిలి వేగముగల రైలు ఆ దూరమును దాదాపు నాలుగున్నర గంటలలో గడచును. ఇవన్నియు చూచినవానికి, ఈ దేశమున సర్వము యంత్రము వలె తప్పక నడచునను నమ్మకము కలుగును. ఆ నమ్మకముతోనే బజారులో అడుగిడుట తొలి పొరపాటు.

మనవారు సాధారణముగా పోవు చోట్లు రెండు. ఒకటి గ్వాంగ్‌జౌలోని ఎగుమతుల సంత. అమెరికా మున్నగు దేశములు చైనాతో వర్తకమును కట్టడి చేసియున్న కాలమున, విదేశ ద్రవ్యము సంపాదించుటకై 1957 వసంతమున దీనిని నెలకొల్పిరి. నేటికిని వసంతమున ఒకసారి, శరత్తున ఒకసారి మూడేసి విడతలుగా జరుగుచున్నది. రెండవది జెజియాంగ్ రాష్ట్రములోని యీవూ పట్టణము. ఒకప్పుడు ఆ ప్రాంతపు రైతులు బెల్లపు బిళ్ళలు కావడిలో పెట్టుకొని ఊరూర తిరిగి, వానికి మారుగా కోడి ఈకలు తెచ్చుకొనెడివారు. అట్టి చోట 1982లో బజారు పెట్టుకొనుటకు అనుమతి లభించినది. నేడు ఆ విపణిలో సుమారు 75,000 అంగళ్ళు కలవు. ఒక్కొక్క అంగడి ముందు మూడు నిమిషములు నిలుచుచు, దినమునకు ఎనిమిది గంటలు తిరిగినను, ఒక సంవత్సరము చాలదు.

భాష రాకపోయినను బేరము ఆగదు. అంగడివాడు లెక్కల యంత్రముపై ధర కొట్టి చూపును. మనవాడు దానిని చెరిపి మరొక అంకె కొట్టును. యంత్రము చేతలేనిచో వ్రేళ్ళు చాలును. బొటనవ్రేలు, చిటికెనవ్రేలు చాచినచో ఆరు అని అర్థము. ఒక్క చేతితోనే పది వరకు లెక్క చూపుదురు. మన పశువుల సంతలలో తువాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరమాడు మధ్యవర్తులను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

చిక్కు అంకెలతో కాదు, మాటలతో. ‘మెయ్ వెన్‌తీ’ అను పలుకు అచ్చట తరచుగా వినవచ్చును. ‘ఇబ్బంది లేదు’ అని దాని భావము. రంగు మార్చగలరా? ఇబ్బంది లేదు. ఇరువది దినములలో పంపగలరా? ఇబ్బంది లేదు. ఎదుటివాని ముఖము మీద కాదనుట అచ్చట మర్యాద కాదు. ‘మియన్‌జీ’ అనగా ముఖము. తన ముఖమును, ఎదుటివాని ముఖమును చిన్నబోనీయకుండుట పెద్దరికము. ఇది మన మొహమాటమునకు దగ్గరి చుట్టము. మన పెద్దమనిషి ‘చూద్దాం లెండి’ అన్నపుడు పని కాదని మనము గ్రహింతుము గదా! చైనా వర్తకుడు ‘ఆలోచింతము’ అన్నపుడును పెక్కుసార్లు అంతియే. అతడు అబద్ధమాడుట లేదు. వినవలసిన తీరు మనకు తెలియలేదు.

దర్జీలకు గుండీలు, జిప్పులు అమ్ము హైదరాబాదు వర్తకుడొకడు తన అనుభవమును మాకు చెప్పినాడు. అతడు చూచిన నమూనా జిప్పునకు ఇత్తడి రన్నరు ఉండెను. ధర కుదిరినది, చేతులు కలిపిరి. కాగితముపై మాత్రము ‘లోహపు జిప్పు, 5వ నంబరు’ అని వ్రాసికొనిరి. వచ్చిన సరకులో రన్నరు ఇనుపది, పైన ఇత్తడి పూత. వానకాలము గడవకమునుపే త్రుప్పు పట్టినది. అమ్మినవానిని అడుగగా, ‘లోహమే గదా’ అని సమాధానము వచ్చినది. మనవాడు ఆ యేటి లాభమంతయు పోగొట్టుకొనెను. ఇత్తడి యను ఒక్క మాట కాగితముపైకి ఎక్కకపోవుటయే అతని నష్టమునకు మూలము.

కావున వ్రాత ముఖ్యము. వ్రాతకన్న ముఖ్యము దానిపై ముద్ర. చైనాలో ప్రతి సంస్థకును గుండ్రని ఎర్ర ముద్ర ఒకటి ఉండును. నడుమ అయిదు కోణముల నక్షత్రము, చుట్టును సంస్థ పేరు చైనా లిపిలో. చట్టమున సంతకమునకును చెల్లుబాటు కలదు. కాని ఎవరో ఉద్యోగి చేసిన సంతకముకన్న ఆ ముద్రయే సంస్థను గట్టిగా కట్టివేయునని అచ్చటివారి తలంపు. ముద్రపై నున్న పేరు, వ్యాపారపు అనుమతి పత్రముపై నున్న పేరు, బ్యాంకు ఖాతాదారు పేరు, ఈ మూడును ఒక్కటిగా నున్నవో లేవో చదువగలవారిచేత చూపించుకొనవలెను. వేరు ఖాతాకు, అందునను వ్యక్తి పేరిటి ఖాతాకు, పైకము పంపుమన్నచో అచ్చటనే ఆగుట మేలు.

సాధారణముగా నూటికి ముప్పది బయానాగాను, మిగిలిన డెబ్బది సరకు ఓడకెక్కు వేళకును చెల్లించుట వాడుక. ఆ డెబ్బది చేతిలోనున్నంతవరకే కొనువాని మాటకు బలము. కనుక పెట్టెలు కట్టకమునుపే, మూడవ మనిషిచేత నైనను, సరకును నమూనాతో సరిపోల్చి చూపించవలెను. చైనీయుల నూతన సంవత్సరము జనవరి చివర గాని ఫిబ్రవరిలో గాని వచ్చును. అప్పుడు పనివారు సొంత ఊళ్ళకు పోవుటచే కర్మాగారములు వారముల తరబడి మూతపడును. ఆ తొందరలో ముగించిన సరకును మరింత శ్రద్ధతో చూడవలెను.

ఇంతచెప్పి, కాగితమొక్కటే చాలునని మేము అనము. ముద్ర వేయు చేయి ముందుగా తేనీరు పోయును. పేరు చీటీని రెండు చేతులతో అందుకొనవలెను. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతమున ఎవరైన తేనీరు పోసినపుడు రెండు వ్రేళ్ళతో బల్లను మెల్లగా తట్టినచో అదియే వందనము. గడియారమును కానుకగా ఇయ్యరాదు. ఆ మాట ఉచ్చారణలో అంత్యక్రియలను స్ఫురింపజేయును. తెలంగాణమువారి చాయ్, కోస్తావారి టీ, రెండును చైనా మాటలనుండి పుట్టినవే. ఒకటి నేలదారిని, మరొకటి ఓడదారిని వచ్చినవి.

ఆ దేశమునుండి మన గడ్డకు వచ్చిన యాత్రికుడు హుయాన్ త్సాంగ్. ఏడవ శతాబ్దమున ధాన్యకటకములో ఆగి, శాస్త్రము చదివి, తిరిగిపోయిన పిమ్మట తాను చూచినదంతయు గ్రంథమునకెక్కించెను. అతని మాటలు నేటికిని మనకు సాక్ష్యముగా నిలిచినవి. ఇచ్చటినుండి అచ్చటికి పోవు మన వర్తకుడును కలమును సంచిలో మరువకుండుగాక!