కథయు శాసనమును: జాన్ బారోస్ రాజ్యాంగ విచారము

లిఖితము కానిది శాసనమగునా? మౌఖిక వాఙ్మయమును పరిశీలించువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కెనడా దేశమున ఇది పండితచర్చగా నిలువక, ఆదిమజాతుల భూమికిని జీవికకును సంబంధించిన వ్యవహారమైనది. అగునని సోపపత్తికముగా సమాధానము చెప్పినవారిలో న్యాయశాస్త్రాచార్యుడు జాన్ బారోస్ ప్రముఖుడు. ఈయన అనిషినాబే జాతీయుడు.

1982వ సంవత్సరపు రాజ్యాంగ చట్టము తన 35వ విభాగమున ఆదిమజాతులకు నాటికి నిలిచియున్న హక్కులను గుర్తించి స్థిరపఱచినది. ఆ హక్కుల స్వరూపమును నిర్ణయించు ప్రమాణమేది? స్టోలో జాతి స్త్రీ యొకతె 10 సాల్మన్ చేపలను 50 డాలరులకు అమ్మి నేరస్థురాలయ్యెను. వాండర్ పీట్ వ్యాజ్యముగా ప్రసిద్ధమైన ఆ వివాదమున సర్వోన్నత న్యాయస్థానము 1996లో, ఐరోపీయుల రాకకు పూర్వమే ఆ జాతి సంస్కృతికి ముఖ్యాంగమైన ఆచారమే హక్కగునని నిర్ణయించి, ఆమె వాదమును త్రోసివేసెను. న్యాయమూర్తులలో ఇరువురు భిన్నాభిప్రాయము ప్రకటించిరి. ఈ ప్రమాణము హక్కులను గతకాలమున ఘనీభవింపజేయుచున్నదని బారోస్ ఆక్షేపించెను.

1763లో మూడవ జార్జి వెలువరించిన ప్రకటనమును ఆదిమజాతుల భూములకు రక్షణముగను, వానిపై రాజాధికార ఘోషణముగను గూడ చదువవచ్చును. 1764లో నయాగరాయొద్ద సుమారు 2000 మంది జాతినాయకులు సమావేశమై, రాజప్రతినిధి విలియం జాన్సన్‌తో సఖ్యము చేసికొనిరి. అందుకు గుర్తు గుల్లపూసల పట్టీలు. ఆ పట్టీల అర్థమును నాటి వచనములను చేర్చి చదివినచో, ప్రకటనము ఏకపక్షాజ్ఞగాక ఉభయపక్షముల ఒడంబడికలో భాగముగా తేలునని ఈయన సిద్ధాంతము.

2010లో వెలువడిన గ్రంథమున ఆదిమజాతుల న్యాయమునకు ఐదు మూలములను వివరించెను: పవిత్రోపదేశము, ప్రకృతి పరిశీలనము, సభాచర్చ, అధికారుల శాసనము, ఆచారము. సభాచర్చకు స్థానమిచ్చుటచే ఈ న్యాయము కాలానుగుణముగ సవరింపదగినదని స్పష్టమగుచున్నది. విక్టోరియా విశ్వవిద్యాలయమున ఆంగ్లన్యాయముతోపాటు ఆదిమజాతుల న్యాయమును బోధించు పాఠక్రమము 2018లో ఆరంభమగుటకు ఈయన కృషి తోడ్పడినది.

1997లో డెల్గముక్ వ్యాజ్యమున న్యాయస్థానము మౌఖిక చరిత్రలను సాక్ష్యముగా అంగీకరించినది. అది గొప్ప పరిణామమే. కాని కథను సాక్ష్యముగా గ్రహించుట వేఱు, ప్రమాణముగా గ్రహించుట వేఱు. సాక్ష్యమైనచో అది పరుల న్యాయమునకు లోబడి పలుకును. ప్రమాణమైనచో ఆ న్యాయముతో సమానముగ కూర్చుండును. బారోస్ కృషి యంతయు ఈ రెండవదానికొఱకే.